మనలో మాట : వెనుక నిలబడే వాద్యం

పోయిన నెల సంఘం సమావేశం ముగిసి, అందరూ కాఫీలు తాగి వెళ్లిన తరువాత, మన సభ్యులలో ఒక అన్నగారు మమ్మల్ని పక్కకు పిలిచారు. ముఖం చిన్నబోయి వున్నది.

"మావాడికి మీరైనా బుద్ధి చెప్పండి. చెన్నపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు సంగీతం నేర్చుకుంటున్నాడంటే సంతోషించాను. తీరా చూస్తే అది వయొలినూ కాదు, వీణా కాదు. బీరువా అంత వాద్యం! డబుల్ బేస్ అట. జీతంలో కొంత దానికే పోతున్నది. కచేరీలో అది వాయించేవాడి వైపు ఎవరూ చూడను కూడా చూడరట. దానికి యింత పాటెందుకు?" అన్నారు.

ఆలోచించి చెబుతామన్నాము. ఆ ఆలోచనే యిక్కడ పాఠకుల ముందు పెడుతున్నాము. యిటువంటి తగవు ఆ ఒక్క యింటిలోనే లేదు గదా!

ముందు ఆ వాద్యం సంగతి. చూపుకు వయొలిన్‌కు పెద్దన్న. మనిషి ఎత్తు, ఆరడుగులు వుంటుంది. నిలబడిగాని, ఎత్తు పీట మీద కూర్చునిగాని, ఒంటికి ఆనించుకుని వాయించాలి. నాలుగు తంతులు. వయొలిన్‌లో ఒక తంతికీ తరువాతి తంతికీ షడ్జమ పంచమాల దూరమైతే, దీనిలో షడ్జమ మధ్యమాల దూరం. కాగితం మీద వ్రాసిన స్వరం కంటె ఒక స్థాయి కిందనే పలుకుతుంది. వీణకున్నట్లు మెట్లు లేవు. స్వరానికీ స్వరానికీ మధ్య చాలా ఎడం. వేలు ఎక్కడ నొక్కాలో చెవే చెప్పాలి. కమానుతో వాయిస్తారు, వేళ్లతో మీటుతారు కూడా. అమెరికావారి జాజ్ సంగీతంలో మీటడమే ఎక్కువ.

ఆ కుర్రవాణ్ణే ఫోనులో అడిగాము. "మొదటి మూడు నెలలూ ఒట్టి తంతుల మీద కమాను లాగడమే మామా! వేళ్లు బొబ్బలెక్కాయి. మా గురువుగారు ఒక మాట చెప్పారు. నువ్వు సరిగా వాయించిన నాడు ఎవరికీ తెలియదు, తప్పిన నాడు ఏం తప్పిందో తెలియకుండానే అందరికీ యిబ్బంది కలుగుతుంది అని" అన్నాడు. మాకు ఆ మాట నచ్చింది.

"వయొలిన్ అయినా నేర్చుకోరాదా?" అని తండ్రిగారి ప్రశ్న. వయొలిన్ మన సంగీతంలోకి వచ్చిన కథ మన పక్క ఊరిదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) చెన్నపట్నంలో ఒక దొర దగ్గర వయొలిన్ నేర్చి, తరువాత ఎట్టయపురం సంస్థానంలో విద్వాంసులయ్యారు. కోవిల్‌పట్టికి దగ్గరనున్న ఆ ఎట్టయపురంలోనే 1835లో ముత్తుస్వామి దీక్షితులు కాలం చేశారు. 1904లో సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని అచ్చు వేయించిందీ అక్కడే, అదీ మన తెలుగు లిపిలో. ఆ రోజులలో "దొరల ఫిడేలు మనకెందుకు?" అని ఎవరైనా అడ్డుపడి నెగ్గివుంటే నేడు మన కచేరీలకు పక్కవాద్యమేదీ?

మరి తమ్ముడు వచ్చి పెద్దన్న రాలేదెందుకు? దొరల సంగీతంలో ఒకేసారి పలు స్వరాలు కలసి పలుకుతాయి. వాటన్నిటికీ అడుగున ఒకటి నిలిచి మోయాలి. మనది ఒక్క రాగం సాగే దారి. దానికి ఆధారం శ్రుతి. ఆ మోత మోయడానికి మనకు తంబురా వున్నది, నాదస్వరానికి ఒత్తు వున్నది.

కోవిల్‌పట్టి అనగానే కారుకురిచ్చి అరుణాచలం గారు గుర్తుకు వస్తారు. 1962లో వచ్చిన 'మురిపించే మువ్వలు' చిత్రంలో మన జానకి గారి గొంతుతో పోటీపడిన నాదస్వరం వారిదే. 1964లో వారు పోయినా ఆ నాదం పోలేదు. అయితే నాదస్వర మేళంలో వెనుకగా నిలబడి, బుగ్గలలో గాలి నిలుపుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, ఒకే స్వరాన్ని తెగకుండా పట్టే ఒత్తువారి పేరు ఎవరైనా అడిగారా? ఆ మనిషి స్థానంలో శ్రుతిపెట్టె వచ్చింది, తరువాత కరెంటుపెట్టె వచ్చింది. డబుల్ బేస్‌కూ అదే గతి. 1951లో అమెరికాలో ఫెండర్ కంపెనీ కరెంటు బేస్ గిటారు తెచ్చింది. మోతకు తేలిక, శబ్దానికి ఎక్కువ. సినిమా పాటలలో పెద్దన్న పని చాలావరకు అది అందుకున్నది.

పెట్టె అలసిపోదు, జీతమడగదు, నిజమే. కాని పాడేవాడు కాస్త తడబడితే తగ్గి, ఊపందుకుంటే నిండుగా పలికి, వెంట నడవడం మనిషికే తెలుస్తుంది. మేము గుమాస్తాలము. మా ఆఫీసులో తపాలా పుస్తకం వ్రాసే ఆయన పేరు పై అధికారులకు తెలియదు. ఆయన నాలుగు రోజులు సెలవు పెడితే మాత్రం కాగితం ఏ బల్ల మీద వున్నదో ఎవరికీ తెలియదు!

కనుక అన్నగారితో మేము చెప్పినది యిది. ఉద్యోగం మానుకోకుండా నేర్చుకోనివ్వండి. వాద్యం యిప్పుడే కొనవద్దనండి. గురువుగారి దగ్గరున్న దానిమీదనే సాధన చేయమనండి. రెండేళ్ల తరువాత కూడా ఆ వెనుక వరుసలో నిలబడడం వాడికి యిష్టంగానే వుంటే, అప్పుడు కొనే మాట చూతాము. ముందు వరుస కోసం ఆరాటపడేవారు మనలో కొరవడలేదు. వెనుక నిలబడి పదిమందినీ నిలబెట్టే ఓర్పు మన పిల్లలలో ఒకడికి వచ్చిందంటే, అది దిద్దవలసిన తప్పు కాదు.

యిక మనకొక మాట. మన శ్రీవిల్లిపుత్తూరు భజన మందిరంలో తంబురా గోడకు ఆనించి వున్నది. రెండు తీగెలు తెగి ఎంత కాలమయిందో! ధనుర్మాసం భజనకు మీట నొక్కి పెట్టెతోనే సరిపెట్టుకుంటున్నాము. గోదాదేవి పుట్టిన ఊరిలో ఆమె పాట పాడుతూ శ్రుతి పట్టే మనిషి లేకపోవడం బాగుండదు. ఈ ఏడు తీగెలు మార్పించి, రోజుకొక పిల్లనో పిల్లవాణ్ణో దాని దగ్గర కూర్చోబెడదామని సంఘానికి విన్నవిస్తున్నాము.

అన్నగారు అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "సరే గాని, పండుగకు వాడు దాన్ని యింటికి తెస్తానంటే రైలులో దానికి కూడా టిక్కెట్టు తీయాలా?" అన్నారు.

సగం ఒప్పుకున్నట్లేనని మేమనుకుంటున్నాము.