లింగాలు కావు, స్తూపాలు

కొండ బాగోగులు చూసే అధికారి గారికి,

మొన్న కనుమనాడు అనకాపల్లి పక్క శంకరం ఊరి బొజ్జన్నకొండ ఎక్కాను. తీర్థం రోజు కదా, జనం బాగానే ఉన్నారు. గుహ గుమ్మం దగ్గర రాతి బుద్ధుడికి దణ్ణం పెట్టుకుని పక్కనున్న లింగాలకొండకి వెళ్లాను. కొండరాతినే గుండ్రంగా తొలిచి వరసలుగా నిలబెట్టిన స్తూపాలవి. చూసినవాళ్లు లింగాలనుకున్నారు, కొండకి ఆ పేరే స్థిరపడింది. అందులో తప్పేముంది లెండి, దణ్ణమైతే పెట్టారు!

నా బాధ వేరే. ఓ కుర్రాడు స్తూపం నెత్తికెక్కి కూచుని చెరుకుగడ నములుతున్నాడు. పిప్పి రాతి సందుల్లో పడుతోంది. "దిగు నాయనా, అది పెద్దల గుర్తుగా కట్టుకున్నది" అన్నాను. "సమాధా తాతా?" అంటూ గబుక్కున దిగి, పిప్పి కూడా ఏరేశాడు.

వాడికి కావలసింది ఆ ఒక్క మాటే. ఇలా చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. బౌద్ధ భిక్షువులుండే సంఘారామమే శంకరమైందంటారు, ఇక్కడి తవ్వకాల్లో సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది. ఈ సంగతులు పెద్దక్షరాల తెలుగులో రాయించి మెట్ల మొదట్లో పెట్టించండి. వచ్చే కనుమకి ఊరి పిల్లల్నే ఇద్దరిని నేర్పి నిలబెట్టండి. జీతం అక్కర్లేదు, మధ్యాహ్నం భోజనం పెట్టిస్తే చాలు.

ఇట్లు,
ఏటా కొండెక్కే ఒక ముసలాయన