బడిలో గుడ్డు, రాగిజావ సరే.. తిండి పాఠం ఎప్పుడు? ఆత్మకూరు పిల్లలకు ఇప్పుడు కావాల్సింది ఇదే!

ఆత్మకూరు (నంద్యాల జిల్లా): మధ్యాహ్నం బెల్ కొడితే చాలు.. సర్కారు బడుల్లో పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుస కడతారు. అన్నం, పప్పు, వారంలో ఐదు రోజులు గుడ్డు. పైగా రాగిజావ, పల్లీ చిక్కీ. పొట్ట నిండుతోంది కదా.. ఇంకా సమస్య ఏంటి అంటారా?

లెక్క చూడండి
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏపీలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 60 శాతం. ఈ రెండు వయసుల మధ్యలో ఉన్నవే ప్రైమరీ స్కూల్ ఏళ్లు. రోజుకు మూడు పూటల చొప్పున ఏడాదికి 1,095 పూటలు. బడి పెట్టేది సుమారు 220. అంటే ఐదింట ఒక్క పూటే! మిగతా నాలుగూ ఇంట్లోనో, బడి బయట అంగట్లోనో. అక్కడ ఏం తినాలో పిల్లాడికి తెలియాలి కదా?

పేర్లు మారాయి.. మరి పాఠం?
బడిలో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2001లో. ఉమ్మడి ఏపీలో 2003లో మొదలైంది. 2020లో గోరుముద్ద అయింది, 2023 మార్చిలో రాగిజావ చేరింది, 2024లో డొక్కా సీతమ్మ పేరు వచ్చింది. మెనూ మెరుగైంది, నిజమే. కానీ తిండి గురించి, వంట గురించి నేర్పే పీరియడ్ మాత్రం టైంటేబుల్‌లో లేదు.

మన సీమ తిండే పాఠం
కొర్రలు, జొన్నలు, సజ్జలు, రాగులు.. ఇవన్నీ మన మెట్ట పంటలే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది కూడా ఉండదు. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అదే ఐరన్ ఒంటికి తక్కువగా అందుతుంది. మూడో తరగతి పిల్లలకూ అర్థమయ్యే విషయాలే ఇవి.

పొయ్యి వెలిగించక్కర్లేదు
చిన్నపిల్లలు మంట దగ్గరికి వెళ్లకూడదు, అందులో రెండో మాట లేదు. పెసలు నానబెట్టి మొలకలు కట్టడం, నిమ్మకాయ నీళ్లు, వేయించిన పల్లీలు, బెల్లంతో ఉండలు చుట్టడం, కూరగాయలు కడగడం.. వీటికి పొయ్యి ఎందుకు? జపాన్ 2005లోనే తిండి చదువుకు ప్రత్యేక చట్టం చేసింది. అక్కడ పిల్లలే వంతులవారీగా భోజనం వడ్డిస్తారు. మన దగ్గర సీబీఎస్ఈ కూడా ఏ డ్రింకులో ఎంత పంచదార ఉందో చెప్పే షుగర్ బోర్డులు పెట్టాలని 2025లో తన స్కూళ్లకు చెప్పింది. దీనికి కావాల్సింది ఒక చార్టు, ఒక స్కెచ్ పెన్.

టీచర్ల మీద ఇంకో భారమా?
ఈ ప్రశ్న న్యాయమైనదే. యాప్‌లు, ఫొటోలు, రికార్డులతో వాళ్లకు ఇప్పటికే తీరిక లేదు. అందుకే కొత్త పీరియడ్ వద్దు. శనివారం నో బ్యాగ్ డే ఎలాగూ ఉంది, అందులో ఒక గంట చాలు. నేర్పేవాళ్లు కూడా బడిలోనే ఉన్నారు. సంగటి కెలకడం, రొట్టె తట్టడం వంట చేసే అక్కలకంటే ఎవరికి బాగా తెలుసు? అయితే వాళ్లకిచ్చే గౌరవ వేతనం నెలకు 3 వేలే. అదనపు పని చెబితే అదనంగా డబ్బులు కూడా ఇవ్వాల్సిందే.

ఫైనల్‌గా చెప్పాలంటే.. గుడ్డుకు, చిక్కీకి సర్కారు కోట్లు ఖర్చు పెడుతోంది. ఆ ఖర్చు ఇంటి వంటలోనూ కనిపించాలంటే వారానికి ఒక గంట తిండి పాఠం కావాలి. మరి మీ పిల్లల బడిలో ఆ గంట ఉందా? ఈసారి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో అడిగి చూడండి.