ప్రయోగశాలలలో మఱపు

2010వ సంవత్సరము ఏప్రిలు మాసమున ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారున జరిగిన దుర్ఘటనమును రాజధానీవాసులు పలువురు మఱచియుందురు. అది మఱవదగినది కాదని మా యభిప్రాయము.

ఢిల్లీ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర శాఖయందు గామా కిరణ యంత్రమొకటి యుండెను. దానిలోని పదార్థము కోబాల్టు-60. 1985 తరువాత దానిని వాడినవారు లేరు. ఇరువదియైదేండ్లు మూలబడియున్న యాయంత్రము 2010 ఫిబ్రవరిలో వేలమున తుక్కు వ్యాపారుల పాలయ్యెను. పనివాండ్రు సీసపు కవచమును ఊడదీసిరి. లోని ముక్కలు చేతులు మాఱినవి. ఒక వ్యాపారి యొక ముక్కను తన పర్సులోనే దాచుకొనెను. పలువురు ఆసుపత్రుల పాలైరి. ఒక కూలి ఏప్రిలు 26వ తేదీన మరణించెను.

కోబాల్టు-60 బలము సుమారు 5.27 సంవత్సరముల కొకసారి సగమగును. కావున మూలబడియున్న కాలముననే దాని బలము ఇరువదియేడవ వంతునకు దిగినది. ఆ మిగిలినదే ప్రాణము దీసినది.

ఇట్టి పదార్థములతో పనిచేయువారికి శాస్త్రజ్ఞులు మూడు రక్షణలను బోధింతురు: కాలము, దూరము, కవచము. దగ్గఱ నిలుచు కాలము తగ్గింపవలెను. చిన్న మూలమునుండి రెండింతల దూరమున నిలిచినచో సోకు కిరణములు నాలుగవ వంతగును. గామా కిరణములకు సీసము అడ్డు. కాని యీ మూడును తెలిసినవారినే కాపాడును. మాయాపురి కూలికి తన చేతిలోనిదేమో తెలియదు, తెలిసినవారు చెప్పలేదు. కావున నాలుగవ రక్షణ లెక్క. ఏ పదార్థము, ఎంత బలముతో, ఏ గదిలో, ఎవరి పూచీపై నున్నదో తెలుపు పుస్తకమే ప్రయోగశాలకు మొదటి కవచమని మేము తలంచుచున్నాము.

నియమములు లేకపోలేదు. అణుశక్తి నియంత్రణ మండలి 1983లోనే యేర్పడినది. దాని యనుమతి లేక ఇట్టి వస్తువును ఇతరుల కిచ్చుట నాడును నిషిద్ధమే. కొఱవడినది చట్టము కాదు, జ్ఞాపకము. యంత్రమును వాడినవారు వెళ్లిపోవుదురు; తాళపుచెవి చేతులు మాఱును; తుదకు వేలపు జాబితా వ్రాయువానికి అది యినుపపెట్టెగానే కన్పట్టును.

ఈ పదార్థములను విద్యాలయములనుండి వెలివేయవలెనని కొందఱందురు. అది తగదు. వైద్యమునకును పరిశోధనకును ఇవి కావలసినవే. మేము కోరునది వేఱు. ఆచార్యుడు విరమించునాడు తన పూచీలోని ప్రతి మూలమును మఱియొకరికి వ్రాతమూలముగా నప్పగింపవలెను. ఏటేట మీటరుతో గదులను పరీక్షించి లెక్క సరిచూడవలెను. రక్షణాధికారి సంతకము లేనిదే ప్రయోగశాల సామానేదియు వేలమునకు పోరాదు. పనికిరాని మూలమును మూలకు నెట్టక, మండలి యనుమతితో సురక్షితస్థానమునకు పంపవలెను.

మా పాఠకులలో ఆచార్యులును, వైద్యులును, అధికారులును గలరు. తమ గిడ్డంగులలో ఏండ్లుగా తెఱవని గది యున్నచో, తుక్కు వ్యాపారి రాకముందే లెక్కపుస్తకముతోడను మీటరుతోడను దానిని పరీక్షింపించుట వారి విధి.