గాలిగోపురం కాడ పడుకున్న యాప్: తప్పు ర్యామ్‌ది కాదు

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. బీటెక్‌లో ఉన్నప్పుడు ఆ మెట్లు లెక్కపెట్టే యాప్ ఒకటి రాశాను. ఫ్రెండ్ దాన్ని ఆన్ చేసి ఎక్కడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఫోన్. "ఏమబ్బా, నీ యాప్ గాలిగోపురం కాడే పడుకునేసింది. మళ్లీ సున్నా నుంచి లెక్కపెడతా ఉంది!"

"నీది 2 జీబీ ఫోన్ కదరా, ర్యామ్ చాల్లేదు" అని తప్పించుకున్నాను.

నిజానికి తప్పు నా కోడ్‌ది. సర్వీస్‌లో స్టార్ట్ స్టికీ అని ఒక్క లైన్ పెట్టి, ఇక ఇది చావదు అనుకున్నా. మెమరీ తక్కువైతే ఆండ్రాయిడ్ ప్రాసెస్‌నే చంపేస్తుంది. వీలైనప్పుడు సర్వీస్‌ను మళ్లీ లేపుతుంది, కానీ లేచినదానికి పాతదేదీ గుర్తుండదు. నా లెక్కంతా ఒక వేరియబుల్‌లో ఉంది. సేవ్ చేసే కోడేమో ఆన్‌డిస్ట్రాయ్‌లో. ప్రాసెస్ అలా పోయినప్పుడు ఆన్‌డిస్ట్రాయ్ నడుస్తుందన్న గ్యారంటీ లేదు. లెక్కను ఎప్పటికప్పుడు డేటాబేస్‌లో రాసుకుని ఉంటే 2 జీబీ ఫోన్‌లోనూ పోయేది కాదు.

2015లో మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో రెడ్‌మీ 2 ప్రైమ్ తయారైనప్పుడు 2 జీబీ ర్యామ్ అంటే గొప్పే. ఇప్పుడు 8, 12 జీబీ మామూలు. అయినా అలారం మోగలేదు, మెసేజ్ ఆలస్యంగా వచ్చింది అనే గోల ఆగిందా? ఆగదు. ఇప్పుడు యాప్‌లను ఆపేది ర్యామ్ కొరత ఒక్కటే కాదు, బ్యాటరీ లెక్క కూడా. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్‌లకు కళ్లెం వేసింది. ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ ఏ పని కోసమో టైప్ కూడా చెప్పాలి. ఇవి నాకు సమ్మతమే. ఊరికే నడిచే సర్వీస్‌లను మేమే అతిగా వాడాం.

ఒప్పుకోలేనిది ఇంకోటి ఉంది. రూల్స్ అన్నీ పాటించి, నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే యాప్‌ను కూడా కొన్ని కంపెనీల సొంత బ్యాటరీ సేవర్లు లేపేస్తాయి. ఆటోస్టార్ట్ స్విచ్ ఎక్కడుందో వెతుక్కోవడం మన ఖర్మ. (రోజుకు పదిసార్లు 'క్లియర్ ఆల్' నొక్కే బాబులూ, మీరు చేసేదీ దాదాపు అదే. యాప్ మళ్లీ మొదటినుంచి లోడ్ కావాలి, బ్యాటరీ ఇంకా ఎక్కువ తింటుంది.)

రివ్యూల్లో గేమింగ్ ఎఫ్‌పీఎస్ గ్రాఫ్‌లు వేస్తున్నాం కదా, ఒక వాకింగ్ యాప్ ఆన్ చేసి, స్క్రీన్ ఆఫ్ చేసి, గంట తర్వాత అది బతికుందో లేదో కూడా రాయాలి. ర్యామ్ అంకె కన్నా అది నాకు ముఖ్యం.

యాప్ తిరగరాశాను. టెస్టింగ్‌కు ఫ్రెండ్‌ను పిలిస్తే శ్రీవారి మెట్టు దారైతేనే వస్తానంటున్నాడు. అక్కడ మెట్లు తక్కువట.