మూలుగు విని మోసపోకండి!

ఓ రోజు మా ఇంట్లో ఇద్దరు మంచం పట్టారు. మావారికి జ్వరం, ఒకటే మూలుగు. బాబుకి విరేచనాలు. ఆ హడావుడిలో షుగరు మాత్ర వేసుకున్న అత్తయ్యగారికి టిఫిను పెట్టడమే మరిచాను. ఆవిడేమో నోరెత్తలేదు. తీరా చూస్తే ఒళ్లంతా చెమటలు, వణుకు, మాట తడబాటు! మింగగలుగుతున్నారు కదాని 3 చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించా. 15 నిమిషాల్లో తేరుకున్నారు. వెంటనే ఇడ్లీ పెట్టాను. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

అప్పట్నించీ నా వరుస ఇదీ: ముందు ఊపిరి, స్పృహ సరిగా లేనివారు. తర్వాత విరేచనాల పిల్లలు. వాళ్లకి ఓఆర్ఎస్ పట్టాలి. కళ్లు లోతుకుపోయినా, మూత్రం తగ్గినా డాక్టరు దగ్గరికే. మామూలు జ్వరం ఆ తర్వాతే, మావారు అలిగినా సరే!