మీది ఏ సంఘము?



ఇటీవల సికింద్రాబాదు లాలాగూడలో ఒక రైల్వే కుటుంబమువారి ఇంట ప్రార్థనకు వెళ్ళాను. ప్రార్థన ముగిసి టీ తాగుతూ ఉండగా, డిగ్రీ చదువుతున్న ఆ ఇంటి అబ్బాయి ఒక కాగితాల కట్ట తెచ్చాడు. కాలేజీవారు సర్వే చేసి రమ్మన్నారట. అందులో ఒక ప్రశ్న ఇది: రాజకీయాలలో మీరు ఎటువైపు? 1 అంటే పూర్తిగా ఎడమ, 10 అంటే పూర్తిగా కుడి. ఏదో ఒక అంకె చుట్టూ సున్న చుట్టాలి. ఇదే తీరు ప్రశ్నను ప్రపంచ విలువల సర్వే అనే పెద్ద సర్వేలో అనేక దేశాల ప్రజలను అడుగుతుంటారు.

"నానమ్మా, నీది ఎడమనా, కుడా?" అన్నాడు.

ఎనభై అయిదేళ్ళ ఆ తల్లి రెండు చేతులూ చూచుకొని, "దేనికిరా? అన్నం తినుటానికా?" అన్నది. అందరము నవ్వాము.

నవ్వాము గాని, తప్పు ఆమెది కాదు. ఈ ఎడమ కుడి లెక్క ఫ్రాన్సు దేశములో 1789లో పుట్టింది. అక్కడి సభలో రాజు అధికారమును నిలపాలన్నవారు అధ్యక్షునికి కుడివైపున, కాదన్నవారు ఎడమవైపున కూర్చున్నారు. ఆ కుర్చీల వరుస మన పల్లెకు వచ్చేసరికి ఏమైనదో చూడండి. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు మనవాళ్ళు ఒకరిని రైటు కమ్యూనిస్టులనీ, మరొకరిని లెఫ్టు కమ్యూనిస్టులనీ అన్నారు. అంటే ఫ్రాన్సువారి లెక్కలో ఇద్దరూ ఎడమవారే! ఊళ్ళో మాత్రం ఒకరు కంకి కొడవలి, ఇంకొకరు సుత్తి కొడవలి నక్షత్రం. పత్రికలవారు కుడివైపువారిని మితవాదులు అంటారు. 1907లో సూరత్‌లో కాంగ్రెసు చీలినప్పుడు గోఖలేగారి పక్షమునకు పెట్టిన పేరు కూడ అదే. మితముగా మాట్లాడేవాడు మితవాది అనుకునే రైతును ఎవరు తప్పు పట్టగలరు?

సరే, ఆ మాట మరల్చుదామని నేను, "అమ్మా, మీ పుట్టింటివారిది ఏ సంఘము?" అని అడిగాను. బాప్తిస్టులా, మెదక్ అధ్యక్ష మండలమువారా అని నా ఉద్దేశము. క్రొత్త ఇంటికి వెళితే మొదట అడిగే ప్రశ్న అదే. ఎన్ని ఇండ్లలో అడిగి ఉంటానో లెక్క లేదు.

ఆమె ఒక్క క్షణం తలుపు వైపు చూచి, గొంతు తగ్గించి, "మా నాయిన సంగంలనే ఉండె అయ్యగారూ. గా ముచ్చట నేనెవ్వలికి చెప్పలే" అన్నది.

ఆమె పుట్టిన ఊరు జనగామ దిక్కున, కడవెండికి దగ్గర. నల్లగొండ, వరంగల్లు పల్లెలలో ఆ రోజులలో సంగం అంటే ఆంధ్ర మహాసభ. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన దాని మొదటి మహాసభ జరిగినప్పుడు భాష, చదువు, గ్రంథాలయములు వంటివే దాని పనులు. 1944 భువనగిరి సభతో అది రావి నారాయణరెడ్డిగారి పక్షమువారి, అనగా కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. వెట్టి చేయమని దొరలకు ఎదురు చెప్పినవారు ఊరూరా సంగపోళ్ళయ్యారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు చనిపోయాడు. 1948 సెప్టెంబరులో సైన్యము వచ్చి నిజాము ప్రభుత్వము పోయింది గాని, సంగపోళ్ళ వేట 1951 దాకా ఆగలేదు. ఫలానావాడు సంగపోడు అన్న ఒక్క మాట చాలు, ఇల్లు సోదా చేయడానికి. హైదరాబాదు రాష్ట్రములో పార్టీ మీద నిషేధము ఉన్నందున 1952 ఎన్నికలలో వారు ప్రజాస్వామ్య ఫ్రంటు పేరున నిలబడ్డారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూగారికంటె ఎక్కువ ఓట్లు వచ్చాయి. కాగితము మీద పేరు ఏదైనా, జనం నోట అది సంగమే.

ఎవరడిగినా నాకు ఎరుక లేదని చెప్పమని తండ్రి ఆమెకు నేర్పాడట. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్ళు. డెబ్బై ఏళ్ళు దాటినా ఆ మాట తప్పలేదు. నేను సంఘము అనగానే ఆమెకు సంగం వినబడింది. నేను ఏమి అడిగానో నాకే తెలియదు.

ఇక ఆమె కుమారుని సంగతి. వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్నాడు. "మేము మజ్దూరోళ్ళం" అంటాడు, అనగా మజ్దూర్ యూనియన్. ఎదురు యూనియన్ పేరు ఎంప్లాయీస్ సంఘ్. కాలనీలో "వాడు సంఘ్" అంటే ఆ యూనియన్ మనిషి అని మాత్రమే అర్థము. బయటివారు వింటే ఆర్.ఎస్.ఎస్. అనుకుంటారు! యూనియన్ ఏదైనా, ఓటు దగ్గర ఈయన పట్టు వేరు. "తాతలనాటి సంది మాది కాంగ్రెస్ ఇల్లు. కాడెద్దులు, ఆవుదూడ, చెయ్యి, గుర్తు మారింది గాని మేము మారలే" అనేవాడు. కిందటి ఎన్నికలలో కొడుకు వేరే గుర్తుకు వేశానని చెప్పినందుకు ఇద్దరికీ మాటలు లేవు. ఒకరు తిని లేచాక ఒకరు తింటున్నారు. నేను ఆ రోజు వెళ్ళినది నిజానికి అందుకే.

తల్లి మాట విని ఆయన, "అమ్మా, నువ్వు సుత ఎప్పుడు కాంగ్రెస్‌కే ఏసినవు గదా?" అన్నాడు.

"మీ నాయిన కాడెద్దులంటే నేను గట్లనే అన్న. అంటే ఏంబోయింది? గుద్దేకాడ మీ నాయిన ఉన్నడా?"

అబ్బాయి నవ్వబోయి తండ్రి ముఖము చూచి ఆగిపోయాడు. కలము తీసి కాగితము మీద వంగాడు. ఆమె వెంటనే వాని చెయ్యి పట్టుకొని, "గా కాయిదం మీద నా పేరున్నదా బిడ్డా?" అని అడిగింది. లేదన్నాడు. అయినా ఆమె కాగితము తీసికొని, చదువు రాకపోయినా రెండువైపులా తిప్పి చూచి ఇచ్చింది.

వాడు ఏ అంకెకు సున్న చుట్టాడో నేను చూడలేదు. తండ్రి గేటు దాకా నాతో వచ్చాడు. చాలసేపు నిలబడి, "మా తాత జైలుకు పోయిండా అయ్యగారూ? మీకేమన్న చెప్పిందా?" అని అడిగాడు. నాకు చెప్పలేదు. లోపలికి వెళ్ళి ఆమెనే అడగమన్నాను.