మాజీ సైనికుని పింఛను: బోర్డు వేసిన అంకే ఆఖరిది కాదు

గోదావరిఖని, రామగుండం ప్రాంతాల వారికి మెడికల్ బోర్డు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. కొత్తగూడెం సింగరేణి ప్రధానాసుపత్రిలో బోర్డు 'అన్‌ఫిట్' అంటే కొడుక్కి బాయిలో నౌకరీ దొరికే దారి వుంది గనుక, ఆ కబురు కోసం ఇంటిల్లిపాదీ కాచుకుంటారు. మన పల్లెల నుంచి పట్టాళానికి వెళ్లినవారు కూడా యింకొక బోర్డు ముందు నిలబడి వస్తారన్నది మాత్రం చాలామంది ఎరుగరు. అక్కడ లెక్క శాతాల్లో వుంటుంది.

సైన్యం నుంచి విడుదలయ్యే ముందు డాక్టర్ల బోర్డు జవానును పరీక్షించి రెండు సంగతులు రాస్తుంది. వైకల్యం ఎంత శాతం? జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, లేదా సర్వీసు వల్ల ముదిరిందా? పాత నిబంధనల కింద 20 శాతానికి తగ్గినా, రెండో ప్రశ్నకు 'కాదు' అని రాసినా మామూలుగా వైకల్య పింఛను రాదు. చేయి విరిగినవాడికి పేచీ తక్కువ. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ, మనోవ్యాధి వంటి వాటి దగ్గరే చిక్కంతా.

ధరమ్‌వీర్ సింగ్ అనే జవాను 1985లో చేరాడు. మూర్ఛ జబ్బుతో 20 శాతం వైకల్యం వున్నదని 1994లో యింటికి పంపారు. జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని పింఛను నిరాకరించారు. 2013 జులై 2న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చేర్చుకున్ననాడు జబ్బు వున్నదని ఎక్కడా రాయనప్పుడు, తర్వాత వచ్చినది సర్వీసు వల్లనే అని భావించాలి; కాదని రుజువు చేయవలసింది సర్కారే. కారణం చూపకుండా 'సంబంధం లేదు' అని బోర్డు ఒక్క ముక్క రాస్తే చెల్లదు.

ఇక శాతం. నూరు శాతం వైకల్యానికి ఆఖరి మూలవేతనంలో 30 శాతం లెక్క; ఆ చొప్పున 20 శాతానికి 6 వస్తుంది. కాని 20 నుంచి 49 వరకు వున్నదాన్ని 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపైన 100గా కట్టే పద్ధతి వుంది. అప్పుడు ఆ 6 కాస్తా 15 అవుతుంది. మొదట దీన్ని జబ్బు వల్ల మధ్యలో వచ్చేసినవారికే యిచ్చారు. సర్వీసు పూర్తి చేసినవారికీ యివ్వాలని రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తేల్చింది. పాత లెక్కనే తీసుకుంటున్న వృద్ధ సైనికులు పింఛను ఆర్డరును ఒకసారి బయటికి తీసి చూడటం మంచిది.

నిరాకరణ ఉత్తరం వస్తే మొదటి, రెండో అప్పీళ్లు సైనిక వ్యవస్థలోనే. ఆ తర్వాత 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్. మనకు చెన్నై బెంచి. ఆఖరి ఆర్డరు వచ్చిన ఆరు నెలల్లోగా వేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గాని, నష్టం లేకపోలేదు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో బకాయిలను మూడేళ్లకే కుదించారు.

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. పై తీర్పులన్నీ పాత నిబంధనల మీద వచ్చినవే. కనుక విడుదలైన తేదీ ముందు చూసుకోవాలి. తర్వాత డిశ్చార్జి బుక్కు, బోర్డు కాగితాల నకలు, నిరాకరణ ఉత్తరం పట్టుకొని కరీంనగర్‌లోని సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లవచ్చు. బోర్డు నకలు లేనివారు ముందుగా తమ రికార్డు ఆఫీసుకు రాసి తెప్పించుకోవాలి.